ఇత్తడా, రాగా, అల్యూమినియమా: విజిల్, ఫ్లూట్ సొంతంగా చేసుకునేవాళ్లకి గొట్టం ఎంపిక

ఆరు రంధ్రాల టిన్ విజిల్ చేసుకుందాం, ఫ్లూట్ చేసుకుందాం అనుకున్న ప్రతివాళ్లూ మొట్టమొదట అడిగేది ఒకటే: ఇత్తడి అయితే మెత్తగా పలుకుతుందా, అల్యూమినియం అయితే పీలగా ఉంటుందా, వెండితో చేస్తే ఇంకా తియ్యగా ఉంటుందా అని. సూటిగా చెప్పేస్తాను, లోహాన్ని బట్టి నాదం మారుతుందన్న మాట కాసేపు పక్కన పెట్టేయండి. గంట కొడితే మోగేది కంచు. ఈల ఊదితే మోగేది గొట్టం లోపలి గాలి. గొట్టం చేసేదల్లా ఆ గాలికి హద్దు గీయడమే, ఆ హద్దు గట్టిగా, నున్నగా, లీకు లేకుండా ఉంటే చాలు.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. 1971లో జాన్ కోల్ట్‌మన్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఒకే లోపలి కొలతలతో మూడు ఫ్లూట్లు చేయించాడు, ఒకటి పల్చటి వెండి, ఒకటి మందపాటి రాగి, ఒకటి చెక్క. వినేవాళ్లకి కనిపించకుండా ఊదించి ఏది ఏదో చెప్పమంటే చెప్పలేకపోయారు. వాయించేవాళ్లకి కూడా చేతికి బరువు తేడా తెలియకుండా అమర్చి ఇస్తే వాళ్లూ గుర్తుపట్టలేకపోయారు. తర్వాత 2001లో వియన్నాలో వెండి పూత దగ్గర్నుంచి ప్లాటినం దాకా రకరకాల లోహాల ఫ్లూట్లతో ఇలాంటి పరీక్షే చేస్తే ఫలితం కూడా ఇలాగే వచ్చింది.

మరి రెండు విజిళ్లు తేడాగా పలకడం మనం రోజూ వింటాం కదా అంటారా, నిజమే, కానీ ఆ తేడా లోహంది కాదు. గాలిదారి (మూతిలో బిరడా పక్కన గాలి దూరే సన్నటి సందు) ఎత్తులో పదో వంతు మిల్లీమీటరు తేడా, కిటికీ (ఆ సందు ముందు గొట్టంలో కోసే కంత) అంచు పదునులో తేడా, రంధ్రం అంచున లేచి ఉండిపోయిన చిన్న పొర, ఇవే నాదాన్ని మార్చేస్తాయి. అయితే ఏ లోహం చేతికి ఎలా లొంగుతుందో దాన్ని బట్టే ఈ అంచులు శుభ్రంగా వస్తాయా రావా అన్నది తేలుతుంది. అందుకే లోహం ఎంపిక ముఖ్యమే, కాకపోతే కారణం వేరు. మీ దగ్గరున్న పనిముట్లకి ఏది లొంగుతుంది, చేతిలో ఎంత బరువుంటుంది, పెదవికి పడుతుందా లేదా, మీ ఊరి చెమటకీ తేమకీ ఎన్నాళ్లు తట్టుకుంటుంది, చూసుకోవాల్సింది ఇవి.

పాతవాళ్లూ ఇలాగే ఎంచుకున్నారు. ఇంగ్లండ్‌లోని సఫోక్‌లో కోనీ వెస్టన్ అనే పల్లెలో కూలి పని చేసుకునే రాబర్ట్ క్లార్క్ 1843లో టిన్ విజిళ్లు మొదలుపెట్టింది తగరం పూత రేకుతో. చవక, పల్చన, కోసుకుని చుట్టేసుకోవచ్చు, అంతే సంగతి. ఇక లో విజిల్ అని పిలిచే పెద్ద విజిల్ కథలో మన దేశం కూడా ఉంది. ఐరిష్ వాద్యకారుడు ఫిన్‌బర్ ఫ్యూరీ దగ్గరున్న భారతీయ వెదురు విజిల్ ఒకటి పాడైపోతే, దాని బదులుగా 1971లో బెర్నార్డ్ ఓవర్టన్ అల్యూమినియంతో చేసిచ్చినదాని నుంచే ఇప్పటి లో విజిల్ పుట్టింది. అంత పొడుగు గొట్టం ఇత్తడిదైతే చేతుల్లో నిలబెట్టి వాయించడం ఎంత కష్టమో కింద లెక్క వేసి చూపిస్తాను.

ముందు గొట్టం కొలతలు, తర్వాతే లోహం

ఇక్కడ విజిల్ అంటే కండక్టర్ విజిల్ కాదు, నోటి దగ్గర బిరడా ఉండి, పైన ఆరు రంధ్రాలుండే టిన్ విజిల్. ఎక్కువమంది మొదలుపెట్టేది డి శ్రుతిలో, మన లెక్కలో రెండు శ్రుతి. దానికి గొట్టం లోపలి వ్యాసం 11 నుంచి 13 మి.మీ. మధ్య ఉండాలి. కిటికీ అంచు నుంచి చివరిదాకా పొడవు సుమారు 260 నుంచి 270 మి.మీ. వస్తుంది, కానీ మీరు 290 దాకా ఉంచుకుని కోయండి. పొడవు ఎక్కువైతే ఆకురాయితో అరగదీసి శ్రుతి పైకి తెచ్చుకోవచ్చు, తక్కువైతే ఇక చేసేదేమీ లేదు. లో విజిల్ డి శ్రుతికి లోపలి వ్యాసం 22 మి.మీ. ప్రాంతంలో, పొడవు దాదాపు రెట్టింపు.

వ్యాసం మరీ సన్నగా ఉంటే పై స్థాయి తేలిగ్గా పలుకుతుంది గానీ కింది స్వరాలు నీరసంగా వస్తాయి. లావుగా ఉంటే కింది స్వరాలు నిండుగా ఉంటాయి, పైకి ఎక్కాలంటే మాత్రం గట్టిగా ఊదాలి. ఇరుగుపొరుగు ఇళ్ల మధ్య సాధన చేసేవాళ్లు సన్నం వైపు మొగ్గితే మంచిది, ఎందుకో మీకే తెలుసు.

గోడ మందం విజిల్‌కి 0.5 నుంచి 1 మి.మీ. ఉంటే హాయి. అర మిల్లీమీటరు కంటే పల్చగా ఉంటే వైస్‌లో బిగించగానే నొక్కుకుపోతుంది, 1.5 దాటితే కిటికీ వాలు గీయడానికి చేతులు పడిపోతాయి. ఈ గోడ మందం శ్రుతిని కూడా మారుస్తుంది, ఈ సంగతి చాలామంది పట్టించుకోరు. నీళ్ల పనులకి వాడే అరంగుళం సీపీవీసీ పైపు లోపల సుమారు 12 మి.మీ. ఉంటుంది కాబట్టి ముందు దాంతో నమూనా చేసుకోవడం మంచి పద్ధతి, నేను ఎవరికైనా ఇదే చెప్తాను. కానీ ఆ పైపు గోడ దాదాపు 1.7 మి.మీ. అవే చోట్ల, అంతే సైజు రంధ్రాలు అర మిల్లీమీటరు ఇత్తడి గొట్టంలో వేస్తే ప్రతి స్వరం కాస్త పైకి పోతుంది, ఎందుకంటే గాలి ఆ రంధ్రం దాటి బయటికి రావడానికి దారి పొట్టిదైపోయింది. అందుకని ప్లాస్టిక్ నమూనా నుంచి లోహానికి మారేటప్పుడు రంధ్రాలు అంతకంటే చిన్నగా మొదలుపెట్టండి, తర్వాత పెంచుకోవచ్చు.

కొట్లో గొట్టం చూడటం

సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట, లేదా మీ ఊళ్లో ఇత్తడి, అల్యూమినియం సెక్షన్లు తూకానికి అమ్మే కొట్లో, గొట్టం అడిగినప్పుడు సైజు బయటి వ్యాసంలో చెప్తారు. మీకు కావాల్సింది లోపలిది. వెర్నియర్ తీసుకెళ్లండి, సిగ్గుపడకండి. రెండు చివర్లా, ఒక్కో చోట అడ్డంగా, నిలువుగా కొలవండి. రెండు కొలతలకీ 0.2 మి.మీ. కంటే తేడా ఉంటే గొట్టం గుండ్రంగా లేనట్టు, అందులో బిరడా సరిగ్గా కూర్చోదు.

తర్వాత గొట్టాన్ని ఒక కంటికి ఆనించి వెలుతురు వైపు పెట్టి లోపలికి చూడండి. మంచి గొట్టంలో వెలుగు వలయాలు వలయాలుగా, ఒకదాని వెనక ఒకటి, నడిమధ్యన కూర్చుని కనిపిస్తాయి. చేత్తో మెల్లగా తిప్పుతూ చూస్తే ఆ వలయాలు కదలకూడదు. ఒక పక్కకి జరిగి ఊగినట్టు కనిపిస్తే గొట్టం వంకర. పొడవునా ఒక సన్నటి గీత, చేతికి తగిలే గట్టులా లోపల ఉంటే అది వెల్డింగ్ అతుకు. కర్టెన్ రాడ్లుగా అమ్మే స్టీలు గొట్టాల్లో ఇది దాదాపు తప్పదు. ఆ గట్టు కిటికీ కిందికి వచ్చిందంటే గాలి చెదిరి బుసబుసమంటుంది. అతుకున్న గొట్టమే కొనాల్సి వస్తే గీతని వీపు వైపు, అంటే కిటికీకి సరిగ్గా ఎదురుగా కిందికి వచ్చేలా పెట్టుకోండి.

జేబులో ఒక చిన్న అయస్కాంతం కూడా ఉంచుకోండి. పైకి బంగారు రంగులో మెరిసే కర్టెన్ రాడ్లు చాలావరకు ఇనుము మీద ఇత్తడి పూతే. అయస్కాంతం అతుక్కుంటే అది ఇత్తడి కాదు, అంతటితో బేరం ఆపేయొచ్చు. కొట్టు గ్లాసు బల్ల మీద గొట్టాన్ని దొర్లించి చూడండి, కింద సందు పడుతూ లేస్తూ ఉంటే ఇంకో ముక్క అడగండి. గొట్టాన్ని గోటితో కొట్టి ఖంగుమందా లేదా అని చూసేవాళ్లు ఉంటారు, అది ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

ఇత్తడి

మొదటి విజిల్‌కి నా ఓటు ఇత్తడికే. హ్యాక్సాకి లొంగుతుంది, ఆకురాయికి అంటుకోదు, అంచు పదునుగా నిలుస్తుంది, టంకం తేలిగ్గా పడుతుంది. డి విజిల్ బరువు కూడా ఏమంత ఉండదు. 13 మి.మీ. బయటి వ్యాసం, అర మిల్లీమీటరు గోడ, 300 మి.మీ. పొడవు వేసుకుంటే సుమారు 50 గ్రాములు.

ఒక్క చోట మాత్రం ఇత్తడి మొండికేస్తుంది, రంధ్రం వేసేటప్పుడు. మామూలు డ్రిల్ బిట్ పదునంచు ఇత్తడిలోకి తనంత తానే దిగబడి గొట్టాన్ని పట్టి లాగేస్తుంది, పల్చటి గొట్టమైతే చిరిగిపోతుంది, చెయ్యి అడ్డం ఉంటే చేతికీ తగులుతుంది. దీనికి మందు బిట్ మీదే ఉంది. సన్నటి నూరుడు రాయి తీసుకుని బిట్ రెండు కోత అంచుల ముందు వైపు, బిట్ పొడవుకి సమాంతరంగా, రెండు మూడు సార్లు రాయండి. పదును పోవాలని కాదు, ఆ అంచు లోపలికి వంగి దూరే వాలు చదునైపోవాలని. అప్పుడు బిట్ తవ్వుకుంటూ పోకుండా గీరుకుంటూ పోతుంది, పొట్టు పొడిపొడిగా రాలుతుంది. ఆ బిట్‌ని ఇత్తడికే ప్రత్యేకించి ఉంచుకోండి.

గొట్టం లోపల సరిగ్గా పట్టే గుండ్రటి కర్ర దూర్చి, ఆ మీదే పంచ్ చేసి, 2 లేదా 3 మి.మీ. బిట్‌తో మొదలుపెట్టి తర్వాత పెంచాలి. పల్చటి గొట్టానికి మెట్లు మెట్లుగా ఉండే స్టెప్ డ్రిల్ దొరికితే ఇంకా శుభ్రం, రంధ్రం మూడు మూలలుగా రాదు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. గొట్టాలుగా లాగే ఇత్తడిలో సీసం పెద్దగా ఉండదు, ఎందుకంటే సీసం ఎక్కువైతే అలా లాగడం కుదరదు. కానీ లేత్ మీద తేలిగ్గా తిరగడానికి చేసే ఫ్రీ కటింగ్ రాడ్‌లో సుమారు 2 నుంచి 3 శాతం సీసం కలుపుతారు. మూతి భాగాన్ని రాడ్ నుంచి తిరగేయించుకుందాం అనుకునేవాళ్లు ఇది మర్చిపోకండి, గంటలకొద్దీ పెదాల మధ్య ఉండేది అదే, పైగా పిల్లలకిచ్చే వస్తువైతే ఆ రాడ్ జోలికే పోవద్దు. మూతిని ఇంజినీరింగ్ ప్లాస్టిక్‌తో, అంటే డెల్రిన్‌తోనో, గట్టి కర్రతోనో చేసి గొట్టం మాత్రం ఇత్తడి పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

రాగి

రాగి గొట్టం దొరకని ఊరు లేదు, ఏసీ మెకానిక్ ఉన్న ప్రతి చోటా ఉంటుంది. అరంగుళం ఏసీ పైపు బయట 12.7 మి.మీ., గోడ దాదాపు 0.7 నుంచి 0.8, అంటే లోపల 11 పైచిలుకు. డి విజిల్‌కి సరిపోయే సన్నటి గొట్టం. ముక్కలు మెకానిక్‌ల దగ్గర చవగ్గా వస్తాయి కూడా.

రెండు చిక్కులు ఉన్నాయి. చుట్టగా వచ్చే పైపు మెత్తటిది, దాన్ని రెండు చెక్క పలకల మధ్య దొర్లిస్తూ నొక్కి తిన్నగా చేసుకోవచ్చు గానీ చుట్టినప్పుడు పడిన కోడిగుడ్డు ఆకారం పూర్తిగా పోదు. కడ్డీల్లా తిన్నగా వచ్చే గట్టి రాగి గొట్టం దొరికితే అదే తీసుకోండి. రెండోది, రాగి కోతకి జిగురుగా ఉంటుంది, రంధ్రం అంచున పొర సాగి లోపలికి ముడుచుకుంటుంది, దాన్ని గుండ్రటి ఆకురాయితో, ఆపైన 400 నంబరు శాండ్ పేపర్ చుట్టిన పుల్లతో ఓపిగ్గా తీయాలి. వాడేసిన ఏసీ పైపైతే లోపల నూనె ఉంటుంది, వేడి సబ్బు నీళ్లతో, గుడ్డ కట్టిన తీగ లోపలికి దూర్చి, వాసన పోయేదాకా కడగండి.

రుచి సంగతి కూడా చెప్పాలి. రాగి మూతి పెదవికి ఒక రకమైన చిరుచేదు రుచి తగిలిస్తుంది, కొందరికి అది అస్సలు పడదు. మూతికి వేరే పదార్థం పెట్టండి, లేదా కళాయి వేయించే మనిషి ఇంకా మీ ఊళ్లో ఉంటే మూతి వరకు శుద్ధమైన తగరంతో కళాయి వేయించుకోండి. తగరంలో సీసం కలపడం లేదని అడిగి మరీ తెలుసుకోవాలి.

అల్యూమినియం

పొడుగు వాద్యం ఏదైనా సరే, ఇదే. ఇందాక చెప్పిన లెక్క ఇప్పుడు వేద్దాం: లో విజిల్‌కి 25 మి.మీ. బయటి వ్యాసం, 1.5 మి.మీ. గోడ, 580 మి.మీ. పొడవు. అల్యూమినియం అయితే 175 గ్రాముల లోపు. అదే ఇత్తడిదైతే అర కిలో పైనే, సుమారు 545 గ్రాములు. కుడి బొటనవేలి మీద అర కిలో మోస్తూ ఒక పాట పూర్తిచేయండి చూద్దాం.

కొట్లో 6063 అని అడిగితే కిటికీలకీ తలుపులకీ వాడే మామూలు రకం ఇస్తారు, అది సరిపోతుంది. 6061 దొరికితే ఇంకాస్త గట్టిగా, కోతకి శుభ్రంగా ఉంటుంది. కోసేటప్పుడు అల్యూమినియం ఆకురాయి పళ్ల సందుల్లో ఇరుక్కుని, ఆ ఇరుక్కున్న తునకే గొట్టం మీద లోతైన గీత పెడుతుంది. ఆకురాయికి ముందే సుద్దముక్క బాగా రుద్దండి, మధ్యమధ్యలో తీగల బ్రష్‌తో దులుపుతూ ఉండండి. డ్రిల్లింగ్‌కి రెండు చుక్కల కిరోసిన్ చాలు.

టంకం మాత్రం ఇంట్లో పడదు, ఆశ పెట్టుకోకండి. పైనున్న ఆక్సైడ్ పొర వల్ల మామూలు టంకం అసలు అంటుకోదు. అతుకులన్నీ ఎపాక్సీ జిగురుతోనో బిగువుగా దూర్చో కానివ్వాలి. ఇంకో ఇబ్బంది, పూత లేని అల్యూమినియం చెమట తగిలితే చేతికి బూడిదరంగు మసి అంటిస్తుంది, తెల్ల చొక్కా వేసుకుని వాయించేవాళ్లకి ఇది తలనొప్పే. పని అంతా అయ్యాక, రంధ్రాలు, శ్రుతి అన్నీ ఖాయం చేసుకున్నాకే, ఆనోడైజింగ్, అంటే కరెంటుతో పైన గట్టి ఆక్సైడ్ పూత వేసే పని, చేసే చోట ఇవ్వండి. ముందే ఆనోడైజ్ అయిన గొట్టం కొంటే మీరు కోసిన ప్రతి అంచూ పూత లేకుండా తెల్లగా మిగిలిపోతుంది.

స్టీలు, వెండి, మిగతావి

స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదు, రుచి ఉండదు, వాసన ఉండదు, జీవితాంతం పడి ఉంటుంది. కానీ చేతి పనిముట్లతో దాని మీద పని చేయడం శిక్ష. డ్రిల్ వేగంగా తిప్పి మెల్లగా నొక్కారంటే ఆ చోటు గట్టిపడిపోయి తర్వాత ఏ బిట్టూ దిగదు. కోబాల్ట్ బిట్, తక్కువ వేగం, గట్టి ఒత్తిడి, కటింగ్ ఆయిల్, ఈ నాలుగూ ఉంటేనే మొదలుపెట్టండి. బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో లేత్ పనివాళ్లు తెలిసినవాళ్లుంటే రంధ్రాలూ కిటికీ వాళ్లతో కొట్టించుకుని, చివరి సవరింపులు మాత్రం మీరు చేసుకోండి.

తగరం పూత రేకు నూనె డబ్బాల్లోనే ఉంది, కత్తెరకి తెగుతుంది, ఒక గుండ్రటి కడ్డీ మీద చుట్టి అతుకు వేసుకోవచ్చు. ఖర్చు దాదాపు లేదు. కోసిన అంచుల్లో ఇనుము బయటపడి తుప్పు పడుతుంది కాబట్టి ఆ అంచులన్నిటికీ సీసం లేని టంకం పూయండి. మామూలు ఎలక్ట్రానిక్స్ టంకం తీగలో 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం ఉంటుంది, నోటి దగ్గర వాడే వస్తువుకి అది వద్దు.

జర్మన్ సిల్వర్ అనే పేరు చూసి వెండి అనుకోకండి, అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం, వెండి పిసరంత కూడా ఉండదు. పనికి బాగుంటుంది, గట్టిగా ఉంటుంది, కానీ నికెల్ పడనివాళ్లకి పెదాల చుట్టూ దద్దుర్లు వస్తాయి. చవక వాచీ పట్టీకో చెవిపోగుకో ఒంటి మీద దురద వచ్చే మనిషైతే నికెల్ పూత విజిళ్లకి కూడా దూరంగా ఉండాలి.

వెండి? చేయొచ్చు. ఇందాకటి డి విజిల్ కొలతలకే వెండి 62 గ్రాములు పడుతుంది, అంటే ఆరు తులాల పైనే, కంసాలి మజూరీ వేరే. థియోబాల్డ్ బోమ్ 1847లో ఇప్పటి ఫ్లూట్‌కి రూపం ఇచ్చినప్పటి నుంచి వెండికి ఆ గౌరవం అలా ఉండిపోయింది, నాదం కోసమని మాత్రం కొనకండి, అందంగా ఉంటుందని కొనండి.

జీఐ పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు, జోలికి అసలు పోవద్దు. లోపల గరుకు, బరువు, పైగా వేడి చేస్తే జింకు పొగ వస్తుంది, ఆ పొగ పీల్చినవాళ్లకి సాయంత్రానికి జ్వరం పట్టుకుంటుంది.

అడ్డంగా ఊదే ఫ్లూట్ అయితే లెక్క మారుతుంది

వెదురు పిల్లనగ్రోవి చూసి అదే కొలతలతో లోహపు గొట్టానికి ఊదే రంధ్రం వేస్తే చాలామందికి నిరాశే మిగులుతుంది, కింది స్వరాలు పలకవు, పలికినా గాలి శబ్దమే ఎక్కువ. తప్పు లోహానిది కాదు, గోడ మందానిది. వెదురు గోడ 2, 3 మి.మీ. లేదా ఇంకా ఎక్కువ ఉంటుంది, మనం ఊదిన గాలి ఆ గోడ లోతులోనే అంచుని కొట్టి లోపలికీ బయటికీ ఊగుతుంది. ఒక మిల్లీమీటరు గొట్టంలో ఆ లోతు లేదు. వెండి ఫ్లూట్ల పెదవి పలక కింద చిన్న పొగగొట్టం లాంటి గోడ పెట్టి దాదాపు 5 మి.మీ. లోతు తెచ్చేది ఇందుకే.

ఇంట్లో చేసుకునేవాళ్లకి తేలిక దారి ఒకటుంది. మీ గొట్టం బయటి వ్యాసానికి సరిపోయేంత లోపలి వ్యాసం ఉన్న ఇంకో గొట్టం ముక్క, 50, 60 మి.మీ. పొడవుది, గోడ 2 మి.మీ. పైన ఉన్నది తీసుకుని, ఊదే చోట తొడిగి ఎపాక్సీతో అతికించేయండి. అది ఎండాక రెండిటినీ కలిపి రంధ్రం వేయండి, సుమారు 10 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. పొడవు ఉండే కోలాకారం. గాలి తగిలే ఎదుటి గోడని లోపలికి కొద్దిగా వాలుగా గీరండి, పై అంచుని మాత్రం గుండ్రం కానివ్వకండి. బిరడా ఊదే రంధ్రం మధ్య నుంచి దాదాపు గొట్టం లోపలి వ్యాసమంత దూరంలో మొదలుపెట్టి, కింది సా పై సా కలిసేదాకా అటూఇటూ జరిపి చూసుకోవాలి.

కర్ణాటక సంగీతం వాయించేవాళ్లకి ఒక మాట. గమకాలకి వేలు రంధ్రం మీద జారాలి, సగం మూయాలి. పల్చటి లోహపు రంధ్రం అంచు వేలికి గీసుకుంటుంది, ఎంత నునుపు చేసినా వెదురు మీద జారినట్టు జారదు. కచేరీ స్థాయికి వెదురే నయం అని నా అభిప్రాయం. సాధనకీ, ప్రయాణాలకీ, ఎండకి పగలని వాద్యం కావాలనుకున్నప్పుడూ 1.5 మి.మీ. గోడ ఉన్న అల్యూమినియం బాగా పనికొస్తుంది.

శ్రుతి, తడి, మెరుగు

రంధ్రాలు కింది నుంచి పైకి ఒక్కొక్కటే, చిన్నగా వేసి ట్యూనర్ యాప్ చూస్తూ పెంచండి, రంధ్రం పెరిగితే స్వరం పైకి పోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం మేడ మీద కూర్చుని శ్రుతి చేయకండి. గొట్టంలో గాలి పది డిగ్రీలు వేడెక్కితే శ్రుతి సుమారు 30 సెంట్లు (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం 100 సెంట్లు) పైకి పోతుంది, అంటే తర్వాత ఏసీ గదిలో వాయిస్తే అంత కిందికి పడుతుంది. లోహం వ్యాకోచించి శ్రుతి పోయిందని కొందరంటారు, అది కాదు. పది డిగ్రీలకి 300 మి.మీ. అల్యూమినియం గొట్టం సాగేది 0.07 మి.మీ. మాత్రమే, మిగతాదంతా గాలి పనే. బిరడా ఉన్న తల భాగాన్ని విడిగా చేసి, గొట్టం మీద బిగువుగా ముందుకీ వెనక్కీ జరిగేలా పెట్టుకుంటే ఈ టెన్షన్ తగ్గుతుంది.

లోహపు విజిల్ తీయగానే ఊదితే ఊపిరిలో తేమ చల్లటి గాలిదారిలో నీటి బొట్లుగా పట్టి ఆ దారి మూసుకుపోతుంది. చంకలోనో పిడికిట్లోనో కాసేపు పెట్టి వెచ్చబడ్డాక మొదలుపెట్టండి, గాలిదారిలో ఒక చుక్క గిన్నెల సబ్బు నీళ్లు పోసి ఆరనిస్తే తేమ బొట్లుగా కాకుండా పొరలా జారిపోతుంది.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఇత్తడి వారాల్లో నల్లబడుతుంది, వేళ్లు పట్టే చోట చిలుము కూడా పడుతుంది. లోపలి నలుపుతో నాదానికి నష్టం లేదు, వదిలేయండి. బయట మెరవాలంటే చింతపండు గుజ్జుతో తోమి వెంటనే బాగా కడిగి తుడవండి, కాకపోతే గాలిదారి వైపు కాగితం ఉండ పెట్టి మూసుకోండి, పీచు లోపల ఇరుక్కుంటే తీయడం మహా కష్టం. తోముడు ఇష్టం లేనివాళ్లు మూతి వదిలేసి మిగతా గొట్టానికి క్లియర్ లాకర్ స్ప్రే కొట్టుకోవచ్చు. అల్యూమినియానికి మాత్రం చింతపండూ వద్దు, సోడా వద్దు, నల్లబడి గుంటలు పడుతుంది, సబ్బు నీళ్లు చాలు.